జిమ్ తలుపులోంచి వచ్చిన డాన్సు

పోయినేడాది ఎండాకాలంలో మా అక్క ఫోన్ చేసింది. "నీ మేనకోడలికి నువ్వయినా చెప్పరా, నా మాట వినట్లేదు" అంది. పిల్ల ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. ఎంసెట్ ర్యాంకు కూడా పర్లేదు. కానీ డాన్సులో డిగ్రీ చేస్తానంటోంది. కూచిపూడి అంటే అక్క ఎలాగో సర్దుకునేదే. ఎనిమిదేళ్లు నేర్పించింది, రవీంద్రభారతిలో ప్రోగ్రాం చేసినప్పటి ఫొటో ఫ్రేము కట్టించి హాల్లో పెట్టింది. పిల్ల అడుగుతున్నది కంటెంపరరీ. వాళ్లమ్మకి అర్థమవ్వాలని పంపించిన వీడియోలో ఒకమ్మాయి ఐదు నిమిషాలసేపు నేల మీద పడుకుని మోచెయ్యి ఒక్కటే కదుపుతోంది. "దీనికి యూనివర్సిటీ ఎందుకురా? దీంట్లో పరీక్ష ఏం పెడతారు?" అని అక్క నిజంగానే తెలియక అడిగింది.

నేనూ అదే అడుగుదామనుకున్నాను. పదేళ్ల పైగా కోడు రాసి బతుకుతున్నా, రాత్రిళ్లు పుస్తకాల గురించి రాసుకునే అలవాటుంది కాబట్టి మా ఇంట్లో నాకు 'చదివేవాడు' అని ఒక పేరుంది. చదవకుండా తీర్పు చెప్తే ఆ పేరు పోతుంది. అందుకని రెండు పుస్తకాలు తెప్పించుకున్నాను. ఒకటి మార్గరెట్ హెచ్‌డబ్లర్ 1940లో రాసిన 'డాన్స్: ఎ క్రియేటివ్ ఆర్ట్ ఎక్స్‌పీరియన్స్'. రెండోది ఆవిడ మీద జానిస్ రాస్ 2000లో రాసిన 'మూవింగ్ లెసన్స్'. అమెరికాలో డాన్సుకి మొట్టమొదటి డిగ్రీ 1926లో విస్కాన్సిన్ యూనివర్సిటీలో వచ్చింది. దాన్ని నిలబెట్టిన మనిషి హెచ్‌డబ్లర్. మా అక్క ప్రశ్నకి అందరికంటే ముందు జవాబు చెప్పుకోవాల్సొచ్చింది ఈవిడే అన్నమాట.

రాస్ పుస్తకంలో నన్ను బాగా పట్టుకున్న భాగం డాన్సు రాకముందు సంగతి. 1873లో హార్వర్డ్‌లో వైద్యం బోధించిన ఎడ్వర్డ్ క్లార్క్ అనే డాక్టరు ఒక పుస్తకం రాశాడు. ఆడపిల్లలు మగపిల్లలతో సమానంగా చదివితే ఒంట్లో శక్తంతా మెదడుకే ఖర్చయిపోయి పునరుత్పత్తి అవయవాలు సరిగా ఎదగవని అందులో వాదం. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ అప్పట్లో దాన్ని జనం బాగా చదివారు, నమ్మారు. దాంతో ఆడపిల్లల్ని చేర్చుకున్న కాలేజీలన్నీ 'చూడండి, మా పిల్లలు ఆరోగ్యంగానే ఉన్నారు' అని లోకానికి చూపించుకోవాల్సొచ్చింది. అలా ఆడవాళ్లకి వ్యాయామ విద్య, దానికొక శాఖ, దానికొక జిమ్ వచ్చాయి. మాడిసన్‌లో ఆ జిమ్ ఉన్న భవనం పేరు లేత్రప్ హాల్. యూనివర్సిటీలోకి డాన్సు వచ్చింది ఆ జిమ్ తలుపులోంచే. సంగీతం, చిత్రలేఖనం ఉన్న వైపు నుంచి రాలేదు.

హెచ్‌డబ్లర్ కూడా డాన్సర్ కాదు. 1910లో జీవశాస్త్రంలో డిగ్రీ తీసుకుని అక్కడే అమ్మాయిలకి బాస్కెట్‌బాల్ నేర్పేది. 1916లో పై చదువుకి న్యూయార్క్ వెళ్తుంటే, శాఖాధిపతి బ్లాంష్ ట్రిల్లింగ్ ఒక పని అప్పజెప్పింది. కాలేజీ అమ్మాయి తన టైము పెట్టదగ్గ డాన్సు ఏదైనా అక్కడ ఉందేమో చూసి రమ్మంది. హెచ్‌డబ్లర్‌కి బాస్కెట్‌బాల్ వదలాలని లేదు. వెళ్లి స్టూడియోలన్నీ తిరిగింది. ఏదీ నచ్చలేదు. అన్నిచోట్లా టీచరు చేసి చూపిస్తుంది, పిల్లలు దాన్ని దించేస్తారు. చివరికి ఏలిస్ బెంట్లీ అనే సంగీతం టీచరు క్లాసులో పిల్లల్ని నేల మీద పడుకోబెట్టి కదలమనడం చూసింది. పడుకుంటే ఒంటి బరువు మోయాల్సిన పని తప్పుతుంది. ఏ కీలు ఎటు తిరుగుతుందో, ఒకటి కదిలితే ఇంకేం కదులుతుందో అప్పుడు తెలుస్తుంది. జీవశాస్త్రం చదివిన మనిషికి ఇంతకంటే ఏం కావాలి! 1917లో వెనక్కొచ్చి పాఠం మొదలుపెట్టింది.

అక్క వీడియోలో చూసిన మోచెయ్యికి వయసు నూరేళ్లు దాటిందని నాకు ఇక్కడ తెలిసింది.

ఆ క్లాసు గురించి రాస్ రాసిన పేజీలు రెండోసారి కూడా చదివాను. గదిలో ఒక అస్థిపంజరం వేలాడుతూ ఉంటుంది. టీచరు దాని భుజాన్ని, తుంటిని పట్టుకుని ఎలా తిరుగుతుందో చూపిస్తుంది. తను మాత్రం ఒక్క స్టెప్పు కూడా చేసి చూపించదు. చూపిస్తే దించేస్తారని. అమ్మాయిలు నేల మీద దొర్లుతారు, పాకుతారు, ఒక్కోసారి కళ్లకి గంతలు కట్టుకుంటారు. ముందు ఒళ్లు ఏం చేయగలదో కనుక్కోవాలి, తర్వాత అందులోంచి తమది అనే ఒక కదలిక కట్టుకోవాలి.

ఇది చదువుతుంటే నా ఇంజనీరింగ్ ల్యాబ్ రికార్డు గుర్తొచ్చింది. నాలుగేళ్లలో నేను ఒక్క రికార్డు కూడా సొంతంగా రాయలేదు. సీనియర్ రికార్డు చూసి రాసేవాళ్లం. ఆ సీనియరు తన సీనియర్ది చూసి రాశాడు. ఒక ప్రయోగంలో రీడింగు తప్పుంటే ఆ తప్పు కూడా బ్యాచ్ నుంచి బ్యాచ్‌కి భద్రంగా చేరేది. వైవాలో నన్ను ఎవరూ 'నువ్వేం కనుక్కున్నావు' అని అడగలేదు. అడిగుంటే చెప్పడానికి ఏమీ లేదు. నేల మీద దొర్లడానికి యూనివర్సిటీ ఎందుకని అడిగే హక్కు నాకు ఎంతుందో అప్పుడు కాస్త అనుమానం వచ్చింది.

ఇక హెచ్‌డబ్లర్ సొంత పుస్తకం సంగతి. నిజం చెప్పాలంటే చదవడం కష్టం. పాఠ్యపుస్తకం లాంటి పొడి వచనం. కండరాల నుంచి వచ్చే అనుభూతి, లయ, రూపం అంటూ అధ్యాయాలు బరువుగా నడుస్తాయి. కొలంబియాలో డ్యూయీ తత్వాన్ని దగ్గరగా చదువుకున్న ప్రభావం పేజీ పేజీకీ కనిపిస్తుంది. అనుభవం, ఎదుగుదల, సంపూర్ణ వ్యక్తిత్వం. ఒక్క చెమట చుక్క లేదు, ఒక్క విద్యార్థి పేరు లేదు. అంత జీవమున్న క్లాసు నడిపిన మనిషి ఇంత నిర్జీవంగా ఎందుకు రాసిందా అని చాలాసేపు అనుకున్నాను. నాకు తోచింది ఇది. పుస్తకం విద్యార్థుల కోసం రాసినట్టు కనిపిస్తుంది గానీ, దాని అసలు పాఠకులు కమిటీ సభ్యులు. ఈ సబ్జెక్టుకి ఇక్కడ చోటివ్వొచ్చా అని బల్లకి అవతల కూర్చుని అడిగేవాళ్లు. వాళ్లకి అర్థమయ్యే భాష జీవశాస్త్రం, విద్యాతత్వం. అందుకని డాన్సుని ఆ భాషలోకి మార్చింది. డిగ్రీ వచ్చింది. మార్చేటప్పుడు పోయిందేంటి అనేదే నా గొడవ.

మొదట పోయింది స్టేజి. తను ప్రదర్శనకారుల్ని తయారుచేయట్లేదని, ఇది ప్రతి మనిషికీ చెందిన సృజన అని హెచ్‌డబ్లర్ వాదించింది. ఆవిడ దగ్గర చదివినవాళ్లు ఎక్కువగా టీచర్లయ్యారు, దేశమంతా కాలేజీల్లో చేరారు. వినడానికి చాలా ఉదారంగా ఉంటుంది. కానీ అప్పటి సందర్భంలో పెట్టి చూడండి. 1910ల అమెరికాలో డాన్సు హాళ్ల మీద, నల్లవాళ్ల సంగీతంలోంచి పుట్టిన రాగ్‌టైమ్ స్టెప్పుల మీద పెద్ద నైతిక గగ్గోలు నడుస్తోంది. స్టేజి మీద డబ్బుకి ఆడే ఆడదానికి గౌరవం లేదు. కాలేజీ అమ్మాయి టైము పెట్టదగ్గ డాన్సు అన్న మాటలో, ఏ డాన్సు తగదో కూడా చెప్పేసినట్టే. యూనివర్సిటీ డాన్సుకి గుమ్మం తెరిచింది, కానీ చూడ్డానికి ఎవరూ రాని డాన్సుకి. రాస్ ఈ సంగతి గుర్తిస్తుంది, కానీ మెత్తగా. ఆవిడకి తన కథానాయిక మీద ఇష్టం ఎక్కువ. నాకూ ఇష్టమే కలిగింది, కాబట్టి పెద్దగా తప్పు పట్టను.

ప్రదర్శనవైపు వెళ్లాలనుకునేవాళ్లకి 1934లో బెన్నింగ్టన్ కాలేజీలో మార్తా హిల్ నడిపిన వేసవి స్కూలు ఇంకో దారి చూపించింది. మార్తా గ్రాహమ్, డోరిస్ హంఫ్రీ లాంటివాళ్లు అక్కడికొచ్చి తమ టెక్నిక్ నేర్పేవాళ్లు. అప్పటినుంచి అమెరికన్ యూనివర్సిటీల్లో డాన్సుకి ఈ రెండు ప్రాణాలూ ఉన్నాయి. ఒకటి 'నీ ఒంట్లో ఏముందో కనుక్కో' అంటుంది, ఇంకోటి 'ఈ ఒంటిని ఇలా తయారుచెయ్యి' అంటుంది. ఈ తగాదా గురించి ఎన్ని పేజీలైనా రాయొచ్చు. నాకు అంత ఆసక్తి లేదు.

నాకు ఆసక్తి కలిగించింది లేత్రప్ హాల్లోంచి బయటికొచ్చిన ఒక అమ్మాయి. ఆనా హాల్‌ప్రిన్ 1930ల చివర అక్కడ హెచ్‌డబ్లర్ దగ్గర చదువుకుంది. తర్వాత కాలిఫోర్నియా వెళ్లింది. శాన్ ఫ్రాన్సిస్కోకి దగ్గర్లో ఇంటి వెనక, చెట్ల మధ్య, భర్త కట్టించిన చెక్క వేదిక మీద పాఠాలు చెప్పింది. 1960 వేసవిలో ఆ చెక్కల మీదికి వచ్చినవాళ్లలో సిమోన్ ఫోర్టీ, ఇవాన్ రైనర్, ట్రిషా బ్రౌన్ ఉన్నారు. రెండేళ్లలో న్యూయార్క్‌లో జడ్సన్ చర్చిలో వీళ్లూ వీళ్ల స్నేహితులూ కలిసి, నడవడం, పరిగెత్తడం, పరుపులు మోయడం కూడా డాన్సేనని చేసి చూపించారు. ఇవాళ మనం కంటెంపరరీ అని పిలుస్తున్నదాంట్లో సగం అక్కడి నుంచే వచ్చింది. స్టెప్పు చూపించని టీచరు దగ్గర చదువుకున్న మనిషి, స్టెప్పు అనే మాటనే అనుమానించే తరాన్ని తయారుచేసింది.

హాల్‌ప్రిన్ అక్కడ ఆగలేదు. 1965 నాటి 'పరేడ్స్ అండ్ ఛేంజెస్'లో డాన్సర్లు ప్రేక్షకుల వైపే చూస్తూ, ఏ తొందరా లేకుండా బట్టలు విప్పుతారు, మళ్లీ వేసుకుంటారు. 1967లో దాన్ని న్యూయార్క్‌లో హంటర్ కాలేజీలో ప్రదర్శిస్తే ఆవిడ మీద అరెస్టు వారంటు పుట్టింది. హెచ్‌డబ్లర్ ఎంతో జాగ్రత్తగా గౌరవంగా గోడ కట్టి లోపల పెట్టిన డాన్సు, ఆవిడ శిష్యురాలి చేతుల్లో ఒక కాలేజీ స్టేజి మీద ఆ గోడని దాటింది. అస్థిపంజరాన్ని చూపించి ఒళ్లంటే ఇదీ అని నిజాయితీగా నేర్పితే, ఏదో ఒక రోజు ఎవరో ఒకరు మిగతా ఒంటి సంగతేంటని అడుగుతారు కదా.

ఇంకో ఉదాహరణ చెప్పి ముందుకెళ్తాను. 1972 జనవరిలో ఒబర్లిన్ కాలేజీలో స్టీవ్ పాక్స్‌టన్ మగ విద్యార్థులతో 'మెగ్నీషియం' అనే ముక్క చేశాడు. జిమ్‌లో పరిచిన చాపల మీద కుర్రాళ్లు ఒకరి మీద ఒకరు పడతారు, గుద్దుకుంటారు, జారతారు, దొర్లుతారు. చివర్లో కొన్ని నిమిషాలు ఊరికే నిలబడతారు. నిలబడ్డ మనిషి ఒంట్లో, పడిపోకుండా ఆపుకోవడానికి జరిగే చిన్న చిన్న సర్దుబాట్లని పాక్స్‌టన్ 'చిన్న డాన్సు' అన్నాడు. కాంటాక్ట్ ఇంప్రొవైజేషన్ అని ఇప్పుడు ప్రపంచమంతా చేస్తున్నదానికి అది మొదలు. మళ్లీ జిమ్, మళ్లీ కాలేజీ. అయితే ఈసారి మగపిల్లలు ఒకరినొకరు కొట్టుకోకుండా ముట్టుకోవడం నేర్చుకుంటున్నారు. నేను చదివిన ఏ కాలేజీలోనూ ఇది ఊహించలేను. మా హాస్టల్లో ఒకడి మీద ఇంకొకడు పడ్డాడంటే ర్యాగింగే.

ఇంతవరకూ పొగిడాను కాబట్టి ఇప్పుడు నా అసలు అభ్యంతరం. హెచ్‌డబ్లర్ పాఠానికి పునాది ఆ అస్థిపంజరం. ఎముకలు అందరికీ ఒక్కటే కాబట్టి డాన్సు అందరిదీ అని. చాలా అందమైన మాట. కానీ ఎముకలు ఒక్కటే అయినంత మాత్రాన గదిలోకి అందరూ రాలేరు. ఆ రోజుల్లో ఆ నేల మీద పడుకున్న పిల్లలెవరు? కాలేజీకి పంపగల ఇళ్లలోంచి వచ్చిన తెల్ల అమ్మాయిలు. పక్క రాష్ట్రంలోనే, షికాగో యూనివర్సిటీలో, అదే కాలంలో కేథరిన్ డనమ్ అనే నల్లజాతి విద్యార్థిని మానవశాస్త్రం చదువుతోంది. 1935లో కరీబియన్ దీవులకి వెళ్లి, హైతీలో, జమైకాలో జనం ఆడేది చూసి, వాళ్లతో ఆడి, అందులోంచి ఒక టెక్నిక్కే కట్టింది. ఆవిడ యూనివర్సిటీలోకి వచ్చిన తలుపు వేరు. ఆ తలుపులో ఎముకల ప్రశ్న లేదు. ఎవరు ఆడతారు, ఎందుకు ఆడతారు, ఎవరి ముందు ఆడతారు అన్నవే ప్రశ్నలు. హెచ్‌డబ్లర్ పుస్తకం మొత్తంలో నాకు దొరకని ప్రశ్నలు ఇవే.

ఈ అభ్యంతరం నాకు అమెరికా గురించి తెలిసి రాలేదు. మన డాన్సు గురించి చదివితే వచ్చింది. మేనకోడలు పుణ్యమా అని అదీ చదివాను.

హర్షిత మృత్యింటి కామత్ 2019లో రాసిన 'ఇంపర్సొనేషన్స్' కూచిపూడి గ్రామంలో బ్రాహ్మణ మగవాళ్ల స్త్రీవేషం గురించి. డేవేశ్ సోనేజీ 2012లో రాసిన 'అన్‌ఫినిష్డ్ జెశ్చర్స్' దేవదాసీల గురించి, అందులో మన గోదావరి జిల్లాల కళావంతుల గురించి కూడా. రెండూ పక్కపక్కన పెట్టి చదివితే మనసు కుదురుగా ఉండదు. 1947లో మద్రాసు రాష్ట్రం దేవదాసీ చట్టం తెచ్చింది. అప్పటికే దశాబ్దాల ప్రచారంతో భోగం మేళాలు ఆగిపోయాయి, తరతరాలుగా ఆడుతున్న స్త్రీలకి ఆడటమే పరువు తక్కువైంది. ఇంకోపక్క, మగవాళ్లు సత్యభామ వేషం కట్టే ఊరి కళ తర్వాతి రెండు దశాబ్దాల్లో తెలుగువాళ్ల శాస్త్రీయ నృత్యం అయిపోయింది. సోనేజీ కలిసిన కళావంతుల స్త్రీలు పెద్ద వయసులో, ఇంట్లో, తమవాళ్ల మధ్య మాత్రమే పదాలకీ జావళీలకీ అభినయం పట్టుకునేవాళ్లు. బయట ఆడే దారి వాళ్లకి లేదు. వాళ్ల దగ్గర నేర్చుకున్నదాని ఆధారంగానే నటరాజ రామకృష్ణ ఆంధ్రనాట్యం అని పేరు పెట్టి వేదికకెక్కించారు.

ఇప్పుడు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కూచిపూడి, భరతనాట్యం చదివి మాస్టర్స్ పట్టా తీసుకోవచ్చు. మంచిదే. కానీ ట్రిల్లింగ్ అప్పజెప్పిన పని మన దగ్గరా ఎవరో ఒకరు చేశారనిపిస్తుంది. చదువుకున్న ఇంటి అమ్మాయి టైము పెట్టదగ్గ డాన్సు వెతికి పట్టుకొచ్చారు. వెతికేటప్పుడు పక్కకి పెట్టేసినవాళ్లున్నారు. మా అక్క హాల్లో ఫ్రేము కట్టించిన ఫొటో ఆ వెతుకులాట పూర్తయ్యాక తీసింది. మాడిసన్‌లో గుమ్మం దాటడానికి స్టేజిని వదిలేశారు. మన దగ్గర స్టేజిని ఉంచుకుని, దాని మీద అంతకుముందు ఉన్న ఆడవాళ్లని దింపేశారు.

ఈ కథ పూర్తిగా చీకటిగా ఉందనుకోకండి. కామత్, సోనేజీ ఇద్దరూ యూనివర్సిటీల్లో పనిచేసేవాళ్లే. ఎవర్ని బయట పెట్టారో మనకి చెప్తున్నది కూడా ఆ గోడల లోపలివాళ్లే. డాన్సు చదువులో పరీక్ష ఏం పెడతారని అక్క అడిగింది చూడండి, నాకు దొరికిన ఒక జవాబు ఇది. అరమండి ఎంత కిందికి కూర్చున్నావన్నది ఒక పరీక్ష. ఆ అరమండి నీ దాకా ఎవరి ఒంట్లోంచి వచ్చిందో తెలుసుకోవడం ఇంకో పరీక్ష. రెండోది ట్యూషన్లో రాదు.

సరే, మేనకోడలితో మాట్లాడటానికి ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. అక్క పెసరట్లు వేస్తూ వంటింట్లోంచి చెవులు ఇటే పెట్టింది. నేను జిమ్, క్లార్క్, అస్థిపంజరం, డనమ్, కళావంతులు అన్నీ ఒక అరగంట ఏకరువు పెట్టాను. పిల్ల ఓపిగ్గా వింది. తర్వాత "మామయ్యా, ఇవన్నీ నువ్వు చదివావు సరే, ఒక్కసారైనా నేల మీద పడుకుని చూశావా?" అంది.

లేదన్నాను. నడుం నొప్పి అన్నాను. ఆఫీసు కుర్చీ పుణ్యం, అది నిజమే.

"పోనీ నిలబడు. ఐదు నిమిషాలు. కళ్లు మూసుకో. ఏం చెయ్యకు."

పాక్స్‌టన్ సంగతి నేనే చెప్పి ఇరుక్కున్నాను. నిలబడ్డాను. మొదటి నిమిషం ఫోన్ గురించే ఆలోచించాను. రెండో నిమిషంలో కుడికాలి మడమ దగ్గర ఏదో వణకడం తెలిసింది. బరువు నాకు తెలియకుండానే ముందుకి పోతోంది, వేళ్లు దాన్ని పట్టి వెనక్కి లాగుతున్నాయి, మళ్లీ పోతోంది. ముప్పై ఏళ్లు దాటిన ఈ ఒంట్లో ఈ పని పుట్టిన దగ్గర్నుంచీ జరుగుతూనే ఉండి ఉండాలి. దీని గురించి నన్ను ఎవరూ ఏ పరీక్షలోనూ అడగలేదు.

కళ్లు తెరిచేసరికి అక్క అట్లకాడ చేత్తో పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. "ఏంట్రా, నీక్కూడా పట్టిందా?" అంది. తర్వాత పిల్ల వైపు తిరిగి, ఫీజు ఎంతో మళ్లీ చెప్పమంది.